గురువారం గింజలు

"ఇవి విత్తేవా, మేపేవా?"

వీరబ్రహ్మం కళ్ళద్దాలు సరిచేసుకుని, బల్ల మీద పోసిన పత్తిగింజలను వేలితో అటూ ఇటూ దొర్లించాడు. ఎదురుగా ఓబులేసు, ముడి విప్పిన జేబురుమాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మేపేవే సారూ. పోయిన గురువారం గూడా చెప్తి గదా. మా అర్బాబు ఆవులకు."

"నువ్వు చెప్తే సరిపోదబ్బా. విత్తేవైతే ఒక నంబరు, మేపేవైతే ఇంకో నంబరు. పైన నూగుంటే ఒక లెక్క, లేకుంటే ఒక లెక్క. తప్పు నంబరు రాస్తే సరుకంతా రేవులోనే కుళ్ళిపోతుంది. కూర్చో, చాయ్ తాగు."

ఆ అరబ్బు దేశంలో, మత్రా రేవు పక్కనున్న ఆఫీసులో వీరబ్రహ్మం పని, దిగుమతి సరుకులకు కస్టమ్స్ కాగితాలు రాయడం. ప్రపంచంలో ఉన్న వస్తువులన్నిటికీ నంబర్లిచ్చిన లావుపాటి పుస్తకం ఒకటి ఆయన బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. పదకొండేళ్ళుగా దాన్ని తిరగేసి తిరగేసి, మేకు మొదలుకుని మేకపిల్ల దాకా దేని నంబరెంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

పత్తిగింజల నంబరు మాత్రం తెలియదా? విత్తినా, మేపినా, నూనె ఆడించినా పత్తిగింజలకు ఒకటే నంబరు. విత్తనాలకు పుస్తకంలో వేరే పేజీ ఉన్నమాట నిజమే. కొత్త గుమాస్తాలు అక్కడే బోల్తా పడతారు. కానీ పత్తిగింజ ఆ పేజీలోకి పోదు. ఈ సంగతి మొదటి రోజే తెలిసీ, ఓబులేసును అయిదు వారాలుగా తిప్పుకుంటున్నాడు.

ఎందుకంటే ఓబులేసుది జమ్మలమడుగు. వీరబ్రహ్మానిది ప్రొద్దుటూరు.

ఆఫీసులో మిగతావాళ్ళు మలయాళీలు, గుజరాతీలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హిందీ. రూముకు పోతే మాటే లేదు. భార్య పోయాక ఊరినుంచి ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. తెలుగు ఎక్కడ మరిచిపోతానోనని స్నానం చేస్తూ తనతో తనే మాట్లాడుకునే మనిషి దగ్గరికి, 1993లో, రుమాల్లో గింజలు మూటకట్టుకుని ఓబులేసు వచ్చాడు. నిజ్వా దగ్గర తోటలో పని. వాళ్ళ అర్బాబు, అంటే యజమాని, ఈ గింజలు మచ్చుకిచ్చి పంపాడట, ఇలాంటివే తెప్పించాలనుకుంటున్నాడట, కస్టమ్స్ నంబరు తెలిస్తేనే ఆర్డరు పెడతాడట. ప్రతి గురువారం తోట నుంచి మత్రాకు నిమ్మకాయల బండి వస్తుంది. అందులో వచ్చి, సరుకు దించి, ఓ గంట కూర్చుని పోతాడు.

నంబరు చెప్పేస్తే ఇక రాడు.

"ఎర్రావు ఎట్లుంది?" చాయ్ అందిస్తూ అడిగాడు వీరబ్రహ్మం.

"ఏం చెప్పేది సారూ! కుడికొమ్ము విరిగిందంటి చూడు, అదే. పత్తిగింజలు నానబెట్టి రుబ్బి పెడితే గానీ కడుపునిండా తినదు. పాలు సగానికి పడిపోయినాయి."

"మరి బొల్లావు?"

"దానికీ ఎముకలు తేలినాయి." ఓబులేసు మెడ రుద్దుకున్నాడు.

"మెడకేమైందబ్బా?"

"పట్టేసింది సారూ. పడక సరిగ్గా కుదరడంల్యా."

వీరబ్రహ్మం గింజలు లెక్కపెట్టాడు. మొదటి వారం గుప్పెడు తెచ్చాడు. ఈసారి ఏడే ఉన్నాయి.

"వీటితో తేలదు. వచ్చేవారం ఇంకొన్ని పట్టుకురా."

"అట్లనే సారూ, తెస్తా." చిత్రంగా, ఓబులేసు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కింద బండి హారన్ మోగగానే గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

ఓబులేసు వెళ్ళాక వీరబ్రహ్మం తన చాయ్ పక్కకు నెట్టేశాడు. తనకు తోడు కావాలని మూగజీవాల నోటికాడి మేత ఆపుతున్నాడు. ఇంతకంటే పాపం ఉందా? సిగ్గేసింది. ఆఫీసు కాగితం తీసి నంబరు టైపు చేసి, సంతకం పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు శుక్రవారం సెలవు. పొద్దున్నే నిజ్వా బస్సెక్కాడు. దారి పొడుగునా, క్షమించమని ఎలా అడగాలో పెదాలు కదుపుతూ వల్లె వేశాడు.

అడుగుతూ అడుగుతూ తోట చేరాడు. రోడ్డు పక్కనే పనివాళ్ళ రూమ్. ఓబులేసు కోసం వచ్చానని చెప్పగానే, గడపలో ఉల్లిపాయలు తరుగుతున్న మనిషి లేచి నిలబడ్డాడు.

"ఓబులేసన్న బట్టలుతకను కాలవ కాడికి పోయినాడన్నా. నా పేరు ఇర్షాద్, మాది కడప. రాండి, కూర్చోండి. ఇదే ఆయన మంచం."

వీరబ్రహ్మం కూర్చున్నాడు. తలగడ రొట్టెలా చదునుగా ఉంది. ఓ పక్క కుట్లు విప్పి పిన్నీసు పెట్టారు.

"ఇదేంది, దిండు ఇట్లయింది?"

"ఏం చెప్పేదన్నా! వాళ్ళమ్మ చేన్లో ఏరిన పత్తిని గింజ తీయకుండానే కుక్కి కుట్టిందంట. ఈమధ్య బుధవారం వచ్చిందంటే దాన్ని ముందరేసుకుని గింజలు వెతుక్కుంటా కూర్చుంటాడు. సగం దూది గాలికే పోయె. మెడనొప్పి అంటాడు, మళ్ళా అదే పని. గురువారం మత్రా బండెక్కేది మాత్రం మానడు."

వీరబ్రహ్మానికి అర్థంకాలేదు. అర్బాబు ఇచ్చిన గింజలని గదా చెప్పాడు? జేబులోని కాగితం తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సరే, ఆయన వచ్చేలోపల ఆ ఎర్రావును చూపియ్యబ్బా. కొట్టం యాడుంది?"

ఇర్షాద్ కత్తి పక్కన పెట్టి, ఆయన మొహంలోకి వింతగా చూశాడు.

"ఈ తోటలో ఆవులు లేవన్నా."