లిస్బన్‌లో చేపలు

ఈ వారాంతానికి యూరప్‌లో ఏ ఊరంటే భర్త వియన్నా అన్నాడు. సముద్రం చూడాలని సుభాషిణి లిస్బన్‌కే పట్టుబట్టింది. అసలు సంగతి చేపలు. అత్తగారి జబ్బు నయమైతే చేపలు ముట్టనని మొక్కుకుంది మరి. ఈ రోజుల్లో ప్రయాణమంటే వెళ్లేది మనసొక్కటే. అక్కడ అద్దెకు దొరికే ఒంట్లో మసలి రావడమే. తన ఒళ్లు కాకినాడలో మంచం మీదే ఉంటుంది. పరాయి నాలుకతో తింటే మొక్కు తప్పినట్టెలా అవుతుంది? పూటపూటా కడుపారా తింది.

ఆదివారం సాయంత్రం కళ్లు తెరిచేసరికి అత్తగారు చెంగుతో ఆమె మూతి తుడుస్తోంది.

"ఖాళీ నోటితో ఒకటే నమలడం తల్లీ! మధ్యలో పొలమారింది. ముల్లు గుచ్చుకుందేమోనని హడిలిపోయాననుకో. అంత దూరంలో నీకు అన్నం ముద్ద ఎవరు పెడతారు? పాపం, నాకోసం నోరు కట్టుకున్నదానివి."

సుభాషిణి చప్పున కళ్లు మూసుకుంది. పారిపోదామంటే ఒక్క ఊరి పేరూ గుర్తు రాలేదు.