నడుం వంచని పంతొమ్మిది రోజులు

పంతొమ్మిది రోజులుగా నేను నేల తుడవలేదు, బకెట్ ఎత్తలేదు. నిజమే, కాదనను.

నేను పనిచేసే అరబ్బు ఇంటి యజమానురాలు, మామా అని పిలుస్తాం, పొద్దున్నే వంటింట్లో నిలదీసింది. "గంగులమ్మా, జబ్బు లేదంటావు, పని చేయవు. నీ ఇఖామా ఖలాస్, ఈ దేశంలో ఉండే అనుమతి రద్దు. రేపే ఊరికి పో."

"పోతాలే మామా. రేపు మాత్రం పోను. ఇంగ రెండు దినాలుండి పోతా."

"రెండు రోజుల్లో ఏముంది?"

చెప్పక తప్పలేదు. పంతొమ్మిది రోజుల కిందట, పెరట్లో పొదగడానికి కూర్చున్న రోజే, కోడి చలికి గుడ్ల మీదే చచ్చిపోయింది. ఆ పూటే ఆరు గుడ్లనూ తువ్వాలులో చుట్టి, రవిక కింద కడుపుకు కట్టుకున్నాను. ఇరవైయొకటో రోజుకు పిల్లలవుతాయి.

మామా నమ్మలేదు. ఆమె చెయ్యి లాక్కుని పొట్టమీద పెట్టుకున్నాను. లోపల ఒక గుడ్డు కిచకిచమంది.

మామా చెయ్యి తీయకుండా అలాగే నిలబడిపోయింది.

"ఇంగ తీ మామా," అన్నాను. "నీ చెయ్యి చల్లగుంది."