బంధుత్వం: తమ్ముడు

బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందు పెద్దపేగులో కెమెరా పెట్టి చూడాలన్నారు. మత్తిస్తారు కాబట్టి ఇంటి మనిషి తోడు ఉండాలన్నారు. యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే నవతకు ఇంట్లో ఎవరూ లేరు.

రోజూ తార్నాక నుంచి క్యాంపస్‌కు తీసుకెళ్లే ఆటో పరుశురాంని అడిగింది.

"గంతే గద మేడం, వస్త."

ఫారంలో బంధుత్వం దగ్గర అతను 'తమ్ముడు' అని రాశాడు.

మత్తు వదిలేసరికి ఆమె హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

"పేగులో గడ్డ ఉంటే తీసేశాం. వదిలేస్తే క్యాన్సర్ అయ్యేదేమో," అన్నాడు డాక్టర్. "తోడబుట్టినవాళ్లకూ రావచ్చు. తమ్ముడు కూడా ఈ పరీక్ష చేయించుకోవాలి."

నవత నిజం చెప్పబోయింది.

"ఎప్పుడు రమ్మంటరు సార్?" అన్నాడు పరుశురాం. "నాకు తోడొచ్చేది గూడ అక్కనే."