బుల్లెట్ చప్పుడు

“సైలెన్సర్ మారిస్తే మాత్రం బండి నాకొద్దండీ,” అన్నాడు గిరిధర్.

బిగించబోతున్న కొత్త సైలెన్సర్ శోభనాద్రి చేతిలో అలాగే ఉండిపోయింది. తళతళలాడే ఆ గొట్టం తగిలిస్తే తన పాత బుల్లెట్ ఇంకో నాలుగు రూపాయలు ఎక్కువ పలుకుతుందని ఆయన ఆశ. గుడివాడ నుంచి బేరానికి వచ్చిన ఈ గిరిధరేమో అంతా తిరగేసి మాట్లాడుతున్నాడు. రంగు వేయించొద్దట, సీటు మార్చొద్దట, ముఖ్యంగా చప్పుడు మారకూడదట.

ఆ ఏడాది గాలి అలా ఉంది మరి. పాత బుల్లెట్ రూపంలోనే కొత్త బండి ఒకటి దిగింది. బటన్ నొక్కితే చాలు, కిక్కు కొట్టి మోకాలు పట్టుకోనక్కర్లేదు. దానికోసం జనం నెలల తరబడి కాచుకుని కూర్చున్నారు. దాని పుణ్యమా అని పాకల్లో తుప్పు పడుతున్న పాత బళ్ల ధరలకి కూడా రెక్కలొచ్చాయి.

అప్పట్నుంచీ శోభనాద్రి అవనిగడ్డలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఇవాళ అమ్మితే రేపు రేటు పెరుగుతుందేమోనని బెంగ. ఆగితే ఎల్లుండి పడిపోతుందేమోనని బెంగ. తను బుక్ చేసిన కొత్త బండి రేపే బందరు షోరూములో చేతికొస్తుంది. అటు నాగాయలంక దగ్గర తన రొయ్యల చెరువు పట్టుబడికి వచ్చి ఉంది, వలలు వేసి రొయ్యలు పట్టించి అమ్మడమే తరువాయి. పోయిన పంట తెల్లమచ్చ రోగంతో తుడిచిపెట్టుకుపోయింది కాబట్టి ఈసారి ఇంటి ఆశంతా ఆ చెరువు మీదే. ఒక్క మనిషికి ఇన్ని ఆదుర్దాలైతే నిద్ర ఎక్కడ పడుతుంది?

గిరిధర్ చెప్పిన ధర విని ఆయన కొత్త సైలెన్సర్ పక్కన పెట్టేశాడు. తను అనుకున్నదానికి అది దాదాపు రెట్టింపు. వంటింటి గుమ్మంలోంచి భార్య లక్ష్మీకాంతం సైగ చేసి లోపలికి పిలిచింది.

“ఆ డొక్కు బండికి అంత ఇస్తానంటే ఏదో తిరకాసు ఉందండీ. కాస్త ఆలోచించండి.”

“నీకేం తెలుసు? ఇప్పుడు పాతదానికే విలువ,” అని విసుక్కుని బయటికొచ్చేశాడు.

గిరిధర్‌కి ఇంకొక్క కోరిక ఉందట. “ఒక్కసారి మీరు నడపండి మావయ్యగారూ. వెనక కూర్చుని వింటాను.”

మావయ్యగారూ అన్న ఆ పిలుపుకే శోభనాద్రి కరిగిపోయాడు. ఎక్కించుకుని, ఊళ్లో ఎందుకని తిన్నగా చెరువుకే తీసుకెళ్లాడు. గట్టు మలుపు ఇంకా తిరగకుండానే కాపలా ఏడుకొండలు గేటు బార్లా తీసేశాడు. రెండు కుక్కలూ తోకలాడించుకుంటూ బండికి అటూ ఇటూ పరుగెత్తాయి. శోభనాద్రి గర్వంగా వెనక్కి తిరిగి చూశాడు. కొత్త మనిషి వస్తే పిక్క ఊడబీకే కుక్కలివి, నా బండి చప్పుడంటే ఎంత గురో చూడమన్నాడు. పొగడ్త దొరికిన నోరు ఊరుకోదు కదా, పట్టుబడి సంగతి కూడా చెప్పేశాడు. ఏ రోజు పట్టిస్తాడో ఏడుకొండలుకి కూడా ముందుగా చెప్పడట. తెల్లవారకుండా ఐసు వ్యాన్లని వెంటబెట్టుకుని, చలికి తలకీ మొహానికీ మఫ్లర్ చుట్టుకుని వచ్చేస్తాడట. గేటు దగ్గర ఆగడట. పట్టుబడి అయ్యేదాకా ఏడుకొండలు గేటు వదలకూడదు, బయటి పురుగుని లోపలికి రానివ్వకూడదు.

“అలా ఉండాలండీ,” అన్నాడు గిరిధర్. “ఈ చప్పుడికి ఎంత ఇచ్చినా తక్కువే.”

ఇంటికి రాగానే డబ్బు చేతిలో పెట్టి, పొద్దు వాలకముందే బండి పట్టుకుపోయాడు. డుగుడుగుమంటూ ఆ చప్పుడు వీధి చివర సన్నబడిపోయింది. ఇన్నేళ్లూ ఆ చప్పుడు విని ఎసట్లో బియ్యం పోసిన లక్ష్మీకాంతానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. శోభనాద్రీ కాసేపు వీధి చివరికే చూసి, జేబు తడుముకుని సర్దుకున్నాడు. రేపట్నుంచి సెల్లు కొట్టి వస్తాలే అని ఆమెని ఊరడించాడు. ఒక బెంగ తీరింది, ఇక ఎల్లుండి పట్టుబడి పెట్టించేస్తే రెండోదీ తీరుతుందనుకున్నాడు.

మర్నాడు మొదటి బస్సుకి బందరు వెళ్లి కొత్త బండికి పసుపు కుంకుమ పెట్టించాడు. నిమ్మకాయలు తొక్కించి ఎక్కాడు. ఎంత మెత్తగా పోతోందో! చల్లపల్లి, మోపిదేవి దాటాక కూడా మనసు ఆగక, ఇంటికైనా వెళ్లకుండా ఏడుకొండలుకి చూపిద్దామని చెరువుకే పోనిచ్చాడు.

గేటు మూసే ఉంది. కుక్కలు రెండూ గేటు మీదికి ఎగిరెగిరి ఒకటే మొరుగుడు. రూపం అచ్చం పాత బండిదే అయినా వాటికి ఆ గొంతు కొత్త. శోభనాద్రి కాళ్లు రెండూ పైకెత్తుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఏడుకొండలు కర్ర పట్టుకుని గుడిసెలోంచి వచ్చాడు. మనిషిని పోల్చుకుని కుక్కల్ని అదిలించాడు.

“మీరా బాబుగారూ! ఇదెవరి బండండీ?”

“నాదేరా. ఎలా ఉంది? పాతది నిన్న సాయంత్రమే అమ్మేశాను.”

ఏడుకొండలు బండి వంక చూశాడు. ఆయన మొహం వంక చూశాడు. కర్ర గేటుకి ఆనించి దగ్గరికొచ్చాడు.

“నిన్న సాయంత్రమే అమ్మేశారా? మరి ఇయ్యాల తెల్లారగట్ల బుల్లెట్ మీద ఐసు వ్యాన్లని ఎంటేసుకొచ్చి, చెరువంతా పట్టించుకెళ్లింది మీరు కాదా బాబుగారూ?”