తెర వెలగని కంప్యూటర్

పొలాల్లో డ్రోన్లే నాట్లు వేసే రోజులవి. రైతు ఇంటి కంప్యూటర్ తెర మీద గట్లు చూసి సరేనంటేనే అవి మడిలో దిగుతాయి. తుని దగ్గరి ఒక పల్లెలో హేమలత, పాతది పాడైతే విడిభాగాలు తెప్పించి కొత్త కంప్యూటర్ తానే బిగించింది. ఫ్యాన్ తిరిగింది కానీ తెర వెలగలేదు. డ్రోన్ రావడానికి అరగంటే ఉంది. ఈ వంతు తప్పితే మళ్లీ పన్నెండు రోజులకు. ఈలోగా నారు ముదిరిపోతుంది.

"కొత్తది కొనుక్కోండి," అని ఫ్రిజ్ సలహా ఇచ్చింది.

"నువ్వూరుకో," అని దాన్ని కసిరి, అత్తగారు అచ్చియ్యమ్మ కోడలి వైపు తిరిగింది. "ఏమేం చూశావే?"

"వైరు మార్చానత్తయ్యా. మెమరీ పలకలు కూడా తీసి మళ్లీ పెట్టాను."

"గట్టిగా నొక్కావా?"

"విరుగుతాయేమోనని మెల్లగానే పెట్టాను."

అచ్చియ్యమ్మ కరెంటు తీయించి, పలకలను రెండు బొటనవేళ్లతో అదిమింది. ఏళ్ల తరబడి జంతికల గొట్టం నొక్కిన చేతులవి. పలకలు టక్కుమని కూర్చున్నాయి. హేమలత స్విచ్ వేయగానే తెర వెలిగింది. కాసేపటికి మడి గట్లు కనిపించాయి. ఆమె సరేనంది.

డ్రోన్ దిగుతుండగా తెర అడిగింది: "కంప్యూటర్ బాగుచేసిన నిపుణుల పేరు?"

హేమలత నవ్వుతూ "అచ్చియ్యమ్మ" అని కొట్టింది.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఇంటిపేరు కూడా వెయ్యవే."