కడిగినట్టున్న కంచం

"గా కంచం ఖాళీ చేసింది ముసలామెనా, నువ్వా?"

ఆస్పత్రి వార్డులో అందరికీ వినపడేలా అడిగింది ఓ ఆడమనిషి.

వినీత చేతిలోని కంచం గాలిలోనే ఆగిపోయింది. బడిలో హాజరు పిలిస్తేనే గొంతు పెగలని పిల్ల. ఇప్పుడు మంచాల మీది కళ్లన్నీ తన మీదే.

"నీకెందుకు?" అంది, తన నోటికి తానే ఆశ్చర్యపోతూ.

"నాకే కావాలె బిడ్డా. మీ అవ్వ పిక్క సూడు. నా పిడికిట్ల ఇముడుతుంది."

"మా అవ్వ మీద చెయ్యెయ్యకు."

ఆమె భుజాన సంచీ సర్దుకుని పక్క మంచం వైపు కదిలింది.

వినీతకు ఒళ్లు మండిపోయింది. ఎంత మాట. అవ్వ నోటికాడి కూడు తను లాక్కుతింటున్నట్టు!

బోధన్ పక్క పల్లె వాళ్లది. చెరుకు తోటలో జారిపడి నాయనమ్మ బాలవ్వ తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక నిజామాబాద్‌లో ఈ నడక నేర్పించే వార్డుకు తెచ్చారు. సెలవులు కాబట్టి తోడుగా వినీత ఉంది.

సోమవారం పెద్ద డాక్టరు వస్తాడు. వాకరు పట్టుకుని తనంతట తాను లేచి నిలబడితే కసరత్తు చేయిస్తారు. లేకపోతే ఇంటికి పంపేస్తారు. ఇంట్లో మళ్లీ మంచమే.

"చర్చికి ఎవ్వల చెయ్యి పట్టుకోకుంట నడిసిపోవాలె బిడ్డా, గంతే నాకు," అనేది బాలవ్వ.

కానీ తిండే లోపలికి పోయేది కాదు. ప్రార్థన చేసుకుని నాలుగు ముద్దలు కలిపేది. కంచం పక్కకు జరిపేది.

"నోటికి సయిస్తలేదు. నువ్వు తిను బిడ్డా. అన్నం పారేస్తే ప్రభువు మెచ్చడు."

వాళ్లింట్లో ఎవరూ మెతుకు పారేసి ఎరగరు. గుడ్డుతో సహా వినీతే తినేసి, కంచాన్ని కడిగినట్టు చేసి అన్నం బండి మీద పెట్టేది.

ఈ వార్డుకు కొత్తగా వచ్చిన సిస్టర్ స్నేహలత ఆ కంచం చూసి మురిసిపోయేది.

"ఆకలైతుందా అవ్వా?"

"మంచిగైతుంది బిడ్డా. తింటున్న."

అన్నం పెట్టే చోట తినబుద్ధి కాలేదనడం బాలవ్వకు చేతకాదు.

ఇక ఆ ఆడమనిషి ఎవరో తెలియదు. ఏ మంచానికీ తోడు కాదు. అన్నం బండి వచ్చే వేళకు దిగుతుంది. కంచాల్లోకి తొంగిచూస్తుంది. ముసలివాళ్ల పిక్కలు పట్టి చూస్తుంది.

"మిగిలిన బువ్వ మూట కట్టుకపోతందుకు వస్తదమ్మా. గా సంచి సూడరాదు," అంది పక్క మంచానికి తోడున్న రజిని.

అప్పుడు వినీత లేచింది. జీవితంలో మొదటిసారి ఒకరి మీద ఫిర్యాదు చెప్పడానికి వెళ్లింది.

"సిస్టర్, ఆమె అందర్నీ సతాయిస్తుంది. మమ్మల్ని దొంగల్లెక్క సూస్తుంది."

స్నేహలత వాచ్‌మన్ నాగేందర్‌ను పిలిచింది.

"ఆమెను ఇంకోసారి లోపలికి రానియ్యకు."

"మంచామెనే సిస్టర్..."

"మంచామె అయితే ఇంటికాడ ఉండుమను."

మర్నాడు కిటికీలోంచి చూసింది వినీత. గేటు దగ్గర నాగేందర్ ఏదో చెబుతున్నాడు. ఆమె సంచీలోంచి ఏదో తీసి అతని చేతిలో పెట్టి, వెనుదిరిగి వెళ్లిపోయింది.

పీడ విరగడైందనుకుంది వినీత. ఆ మధ్యాహ్నం కూడా కంచం కడిగినట్టే వెళ్లింది.

సోమవారం వచ్చింది.

"లే అవ్వా, నేనున్న," అన్నాడు కసరత్తు చేయించే విజయ్ పాల్.

బాలవ్వ వాకరు పట్టుకుని లేవబోయింది. తొడలు గజగజా వణికాయి. కూలబడింది. మళ్లీ లేవబోయింది. మళ్లీ కూలబడింది.

డాక్టరు ఆమె పిక్క చుట్టూ టేపు పెట్టి కొలిచాడు. ముఖం చిట్లించాడు.

"కండంతా కరిగిపోయింది. తింటుందా అసలు?"

"తింటది సార్. కంచం కడిగినట్టొస్తది," అంది స్నేహలత.

"మరి తిన్నదంతా ఎటు పోయింది?"

"తింటున్న సారూ," అంది బాలవ్వ, తల వంచుకుని.

వినీత పెదవులు కదిలాయి. ఎవరికీ వినపడలేదు.

"ఏందమ్మా?" అన్నాడు డాక్టరు.

"కంచం రోజూ నేనే ఖాళీ చేసిన సార్."

డాక్టరు స్నేహలత వైపు తిరిగాడు.

"కంచం చూసి తిన్నదనుకున్నరా? ఆమె తింటుంటే ఒక్కరోజన్న నిలబడి చూసిన్రా?"

డాక్టరు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు కసరత్తు చేయిస్తే ఉన్న కండ కూడా పోతది. ముందు తిండి. నడక సంగతి తర్వాత."

"నడుస్తదా సార్?"

"కొన్ని రోజుల ముందు తెలిసుంటే నడుస్తదని చెప్పేవాణ్ని."

వినీత గేటు దాకా పరుగెత్తింది.

"అన్నా, గామె ఏది?"

"నువ్వు జెప్తెనే గదా ఎల్లగొట్టింది. ఇగ రానని, వర్ని ఊరి బస్సెక్కి పోయింది." నాగేందర్ కుర్చీ కింది నుంచి చిన్న డబ్బా తీశాడు. "మీ అవ్వకియ్యమన్నది. లోపలికి తెస్తే సిస్టర్ ఏమంటదోనని నేనే పెట్టుకున్న. చింతకాయ తొక్కు. గిది నంజుకుంటె ఇంకో నాలుగు ముద్దలు పోతయంట."

వినీత డబ్బా రెండు చేతులతో పట్టుకుంది.

"ఎవరన్నా ఆమె?"



"ఈరవ్వ. మీ అవ్వ పండుకున్న మంచం మీదనే, మీకంటె ముందుగాల ఆమె పెనిమిటి ఉండె. ఆయన తినలేక ఇడిసిపెట్టిన అన్నం పారేసుడు పాపమని, ఆయన పానం పోయేదాంక గా కంచం దినాం ఖాళీ చేసింది ఈమెనే."