వెనక సీటుకి పట్టిన జిడ్డు

వెనక సీటు మీద ఆనించిన వేలు ఒక పట్టాన ఊడి రాలేదు. ఊడి వచ్చిన ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకోవడం డ్రైవరు చేసిన తప్పు. మాగిపోయిన నూనె కంపు, దానికి తోడు ఎవరిదో చెమట. కుట్ల సందుల్లో నల్లటి మడ్డి. ఆ మడ్డిలో ఒక వెంట్రుక, బిస్కెట్టు పొడి, కొరికి ఉమ్మిన గోరుముక్క. తిన్నదంతా గొంతు దాకా వచ్చి, ఏమనుకుందో ఏమో, మళ్లీ కిందికి పోయింది.

ఆ కారు ఒక ఆఫీసు ఉద్యోగుల్ని సాయంత్రాలు తీసుకెళ్లి, అర్ధరాత్రి దాటాక ఇళ్ల దగ్గర దింపి వస్తుంది. అతని సంసారం నడిచేది దాని మీదే. నిన్న తెల్ల డ్రెస్సు వేసుకున్న ఒక మేడం దిగేసరికి వెనకంతా గోధుమరంగు మరక. ఇంకొక్క ఫిర్యాదు వస్తే కారు తీసేస్తామని ఆఫీసువాళ్లు మొహం మీదే చెప్పారు.

కార్లు కడిగే షెడ్డులో మేస్త్రి సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్షు ముంచి రుద్దుతుంటే, బక్కెట్లో నీళ్లు మురుక్కాలవలా తయారయ్యాయి. డ్రైవరు చూడలేక తల తిప్పుకున్నాడు. పోయిన వారమే కడిగించాను, మళ్లీ ఎలా వచ్చిందని అడిగాడు.

“ఇది రెక్సిన్ అన్నా. అసలు తోలైతే నూనె తాగుతుంది. ఇది తాగదు. పైనే నిలబడి దుమ్మంతా లాక్కుంటుంది,” అన్నాడు మేస్త్రి. “ఎవరో నూనె మనిషి రోజూ ఎక్కుతున్నాడు. వాణ్ణి పట్టుకో.”

అసలు తోలన్న మాటకి డ్రైవరు ఇబ్బందిగా కదిలాడు. ఈ సీట్లు వేయించిన రోజు మామగారు నిమిరి చూసి మురిసిపోతుంటే, అసలు తోలేనని కోతలు కోసింది తనే. పిల్లనిచ్చిన మామ ముందు తగ్గితే ఎలా మరి.

ఆ సాయంత్రం నుంచి నూనె మనిషి కోసం వేట మొదలైంది. ఎక్కే ప్రతి తలనీ అద్దంలో పరీక్షగా చూశాడు. తలుపు తీసే వంకతో ఒకరిద్దరిని వాసన కూడా చూశాడు. సెంటు, సిగరెట్టు, ఉల్లిపాయ, ఉతకని సాక్సు అన్నీ తగిలాయి గానీ ఆ నూనె కంపు తగల్లేదు. అయినా రెండు రోజులు తిరక్కుండానే సీటు మళ్లీ జిగటెక్కింది.

అది తగిలింది ఇంట్లో. మధ్యాహ్నం నిద్రలేచి వరండాలోకి వచ్చేసరికి మామగారు కుర్చీలో కూర్చుని మోకాళ్లకి ఆముదం రాసుకుంటున్నారు. అదే కంపు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తన ముక్కు పట్టేసింది.

మామగారు వాచ్‌మన్‌ ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. భార్య పోయాక కూతురి దగ్గరే ఉంటున్నారు. తెల్లవారకముందే లేవడం ఆయన అలవాటు. కారు తాళం తలుపు పక్కన మేకుకే వేలాడుతుంటుంది. డ్రైవరుకి బొమ్మ కట్టినట్టు కనిపించింది: తను పడి నిద్రపోతుంటే, ఈ ముసలాయన నూనె మోకాళ్లతో వెనక సీట్లో జమీందారులా పడుకోవడం.

“మామయ్యా, పొద్దున్నే కారెక్కి కూర్చుంటున్నారా?”

“నేనెందుకు కూర్చుంటాను బాబూ? నీ సీట్లు పాడైపోవూ?” అన్నారాయన. అని, ఎందుకో సిగ్గుపడుతున్నట్టు నవ్వి చేతులు తువ్వాలుకి తుడుచుకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదేననుకున్నాడు అల్లుడు.

ఆ రోజు నుంచి ఆయన్ని చూస్తేనే రోత. ఆయన తాగిన గ్లాసు, ఆయన పట్టుకున్న తలుపు గడియ, ఆయన తువ్వాలు, అన్నీ జిడ్డే. అన్నం తినేటప్పుడు ఆయన వేళ్లు కనిపిస్తే ముద్ద దిగేది కాదు.

“మా నాన్న అబద్ధమాడడు,” అంది భార్య.

“ఆయన ఆడడు. ఆయన మోకాళ్లు నిజం చెప్పేస్తున్నాయి. కారు పోతే మనందరం రోడ్డు మీద పడతాం. మీ తమ్ముడింటికి పంపించెయ్.”

తమ్ముడిది ఒకటే గది. మరదలి నోటికి గదులతో పని లేదు, వీధంతా సరిపోదు. అక్కడ నాన్న ఎన్నాళ్లు బతుకుతాడని ఆమె ఏడ్చింది. సీటు కంపు ముందు ఆ ఏడుపు ఆనలేదు. ఆమె నాన్న సంచీ సర్దింది.

బస్టాండుకి వెళ్లేటప్పుడు డ్రైవరు వెనక సీటు మీద పాత పేపర్లు పరిచి, ఎక్కమన్నాడు. మామగారు ఆ పేపర్ల వైపు ఒకసారి చూసి ఎక్కారు. అవి చిరక్కుండా దారంతా ఒళ్లు బిగబట్టుకుని కూర్చున్నారు. దిగాక డ్రైవరు పేపర్లు చివరలు పట్టుకుని మడిచి, చెత్తడబ్బాలో పడేసి, చేతులు కడుక్కుని వచ్చాడు. అప్పటికి ఆయన బస్సెక్కి కూర్చున్నారు.

బస్సు కదలబోతుంటే ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపి దగ్గరికి పిలిచారు. నాలుగు చివాట్లు పెడతారేమోనని డ్రైవరు తటపటాయిస్తూనే వెళ్లాడు. ఆయన ముఖంలో కోపం లేదు, దిగులే ఉంది.

“రేపటి నుంచి పొద్దున్నే లేచి సీట్లకి ఆముదం నువ్వే రాసుకోవాలి బాబూ.”